ఆళ్లగడ్డకు ఆలస్యంగా చేరిన బంతి

నంద్యాలలో గాలికి ఒక వేళ ఉంటుంది. ఆషాఢం వచ్చిందంటే మధ్యాహ్నం మొదలై, నాపరాయి పాలిష్ మిల్లుల తెల్లదుమ్మును ఊరంతా తిప్పి, ఆరేసిన చీరలను పక్కింటి మిద్దెమీదికి చేరవేసి, పొద్దు వాలాక గానీ శాంతించదు. ఆ గాలిని తిట్టుకోని మనిషి ఊళ్లో ఉందంటే అది లూదియా ఒక్కతే. ఆమెకు ఆట నేర్పింది ఆ గాలే మరి.

లూదియాది గడివేముల పక్క పల్లె. నాయన సామ్యేలు జొన్నచేను చేసుకుంటూ, ఆదివారం చర్చిలో ముందు నిలబడి పాట ఎత్తుకునేవాడు. ఆరో తరగతికి కూతుర్ని తెచ్చి నంద్యాలలో మిషన్ హాస్టల్లో వదిలాడు. పిల్ల ఏడుస్తుందేమోనని గేటు దగ్గర చాలాసేపు తచ్చాడాడు. పిల్లేమో కోర్టు పక్కన నిలబడి, పెద్దపిల్లలు ఆడే బాల్ బ్యాడ్మింటన్ చూస్తూ నాయన సంగతే మరిచిపోయింది. పసుపుపచ్చ ఉన్ని బంతి. చేతిలో కోడిపిల్లంత బరువుండదు. గాలి వచ్చిందంటే ఎటుబడితే అటు జారిపోయేది. అది కనిపించిన చోట కొడితే బ్యాటుకు దొరకదు, అది చేరబోయే చోట ముందే బ్యాటు పెట్టాలి. ఈ సంగతి కొందరికి ఏళ్లు ఆడినా పట్టుబడదు. లూదియాకు వారంలో పట్టుబడింది. ఆ తర్వాత ఆమె గాలిని చూసే ఆడింది, బంతిని చూసి కాదు.

అంజలి హాస్టలుకు వచ్చింది తొంభై ఒకటిలో. అహోబిలం పైన అడవిలో చెంచుగూడెం ఆమెది. నాయన ఎర్రయ్య తేనె తీసేవాడు, యాత్రికులకు కొండదారి చూపించేవాడు. పిల్ల బక్కగా, జుట్టు కత్తిరించి, ఎవరివో పాత గౌనుతో వచ్చింది. హాస్టలు పిల్లలు చెడ్డవాళ్లేమీ కాదు. సబ్బుముక్క ఇచ్చారు, రిబ్బన్లు ఇచ్చారు. ఆటకు పిలిచి, పాపం అడవి నుంచి వచ్చిందని అరటిపండుగా చేర్చుకున్నారు. ఆటలో అరటిపండు అంటే తెలియని తెలుగుపిల్ల ఉండదు. దానికి ఔటు లేదు, దాని పాయింటు లెక్క లేదు, ముద్దుకు ఆడించుకునే పిల్ల అది. అంజలి నాలుగు రోజులు ఓర్చుకుంది. ఐదో రోజు బ్యాటు కింద పడేసి గోడ పక్కన కూర్చుంది.

అప్పుడు లూదియా ఆమెను లేపి, ఎదురుగా నిలబెట్టి ఆడింది. ఒక్క పాయింటు ఇవ్వలేదు. బంతి ముక్కుకు తగిలినా ఆగలేదు. చూస్తున్న పిల్లలు, ఇదేం రాక్షసి అనుకున్నారు. మరునాడు తెల్లవారేసరికి అంజలి బ్యాటుతో కోర్టులో నిలబడి ఉంది.

"ఇంకోసారి ఆడదాం రాక్కా" అంది.

"మళ్లీ ఓడిపోతావ్."

"ఓడిపోతే పోతాలే. నువ్వొక్కదానివే కదా నాతో ఆడింది. మిగతా వాళ్లు నన్ను ఆడిపిస్తాండారు."

ఆ మాటతో కట్టుకున్న స్నేహం అది. తర్వాత ఇద్దరూ కలిసి నందికొట్కూరులో ఆడారు, కర్నూలులో ఆడారు, ఒక జట్టులో ఉన్నా అలవాటుగా ఒకరితో ఒకరు పోటీపడ్డారు. "అహోబిలం స్వామి మా ఇంటి అల్లుడు. అల్లుడొచ్చి అడిగినా పాయింటు ఊరికే ఇయ్యను" అనేది అంజలి. ఆమె చేతిలో బ్యాటు ఉన్నప్పుడు స్వామి కూడా అడిగే ధైర్యం చేసి ఉండడు.

లూదియా వ్యాయామ టీచరయింది. ఇమ్మానుయేలును పెళ్లి చేసుకుంది. ఆయన ఆఫీసులో గుమాస్తా, ఇంట్లో పాటల పిచ్చివాడు. ఊరూరా తిరిగి, ముసలివాళ్లు పాడే పాత కీర్తనలు రికార్డు చేసుకొచ్చేవాడు. అంజలికి ఆళ్లగడ్డలో అడవిశాఖ నర్సరీలో పని దొరికింది. మొక్కల మధ్య తిరిగే పని, ఆమెకు సరిపోయింది. రెండు వేల నాలుగులో అహోబిలం నుంచి వస్తున్న జీపు మలుపులో బోల్తా పడింది. మిగిలినవాళ్లకు దెబ్బలు తగిలాయి. అంజలికి నడుం విరిగింది, మళ్లీ కాళ్లు కదలలేదు.

ఆ తర్వాత ఊరు ఊరంతా మంచిదైపోయింది. వికలాంగుల కోటాలో ఆమెకు బస్టాండు దగ్గర ఫోన్ బూత్ ఇచ్చారు. కాలం మారాక అదే ఇంటర్నెట్ సెంటరయింది. ఆమె చిల్లర తప్పిచ్చినా ఎవరూ అడగరు. ఆమె కసిరినా నవ్వుతారు. లూదియా నెలకోసారి బత్తాయిలు పట్టుకుని పోయేది. పక్కన కూర్చుని ఆరోగ్యం అడిగేది, మెల్లగా మాట్లాడేది. అంజలి బత్తాయి ఒలుస్తూ గోడవైపు చూసేది. ఇద్దరి మధ్యా ఏదో తెగిపోతోందని లూదియాకు తెలుస్తూనే ఉంది. ఎక్కడ తెగిందో మాత్రం చేతికి దొరకడం లేదు.

రెండు వేల ఎనిమిదిలో ఒకరోజు అంజలి ఫోన్ చేసింది. గొంతులో పాత కరుకు ఉంది.

"మీ ఇంట్లో నెట్టు పెట్టించినారంటనే. కంప్యూటర్ల బ్యాడ్మింటన్ ఆట ఉండాది. ఇద్దరు ఆడొచ్చు. నువ్వు ఆడనుంచి, నేను ఈడనుంచి. వస్తావా?"

నెట్టు పెట్టించింది ఇమ్మానుయేలు పాటల కోసం. ఆయన ల్యాప్‌టాప్ ముందుగదిలో, పాత కంప్యూటరు వెనకగదిలో. ఆ వెనకగది లూదియాకు కోర్టయింది. బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి ఆరుకు కూర్చునేది. కిటికీలోంచి ఎర్రటి ఎండ వచ్చి తెర మీద పడేది. తెరలో పచ్చటి కోర్టు, నెట్టుకు ఇటు ఒక బొమ్మ, అటు ఒక బొమ్మ. అటువైపు బొమ్మకు రెండు కాళ్లూ ఉన్నాయి. అది పరుగెత్తేది, ఎగిరేది. దాని పరుగులో అంజలి పరుగే లూదియాకు కనిపించేది. హాస్టలు నేల, చెప్పుల్లేని కాళ్లు, వేపచెట్టు కింద దుమ్ము.

ఆ బంతి ఎక్కడెక్కడికి పోతుందో లూదియా ఒకసారి చదివింది. ఇక్కడ కొట్టిన బంతి రాగితీగలో కర్నూలు పోయి, హైదరాబాదు పోయి, సముద్రం అడుగున ఏదో దేశం చేరి, అక్కడ ఒక చల్లటి గదిలో ఉన్న యంత్రానికి తన సంగతి చెప్పుకుని, మళ్లీ అంతదూరం ఈదుకుంటూ వెనక్కి వచ్చి ఆళ్లగడ్డలో పడుతుంది. బస్సెక్కితే గంటన్నర దారి లేని ఊరికి, ప్రపంచమంతా చుట్టి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆమెకు బడిలో డ్రిల్లు చేయిస్తుంటే కూడా కళ్ల ముందు సముద్రం కనిపించేది. చేపల మధ్యలో పసుపుపచ్చ ఉన్ని బంతి ఒకటి మెల్లగా పోతూ ఉండేది.

అంతదూరం పోయివచ్చే బంతికి అలసట ఉంటుంది కదా. అప్పుడప్పుడు తెరలో బంతి గాలిలోనే ఆగిపోయేది. లూదియా మీట నొక్కితే, బొమ్మ ఆలోచించుకుని ఆలోచించుకుని బ్యాటు ఎత్తేది. అంతలో బంతి నేల మీద ఉండేది. ఇంకొకరైతే కంప్యూటరును నాలుగు బాది ఉందురు. లూదియా మాత్రం, ఓహో, ఇక్కడా గాలి ఉందన్నమాట అనుకుంది. ఆమెకు వచ్చిన విద్య ఆమె వాడింది. బంతి రాకముందే, ఇంత ముందు అని లెక్క పెట్టుకుని మీట నొక్కడం మొదలుపెట్టింది. కొన్ని తగిలేవి, చాలా పోయేవి. రోజూ ఓడిపోయేది. ఓడిపోయినా ఆ సాయంత్రాలు ఆమెకు ఎంతో ఇష్టంగా ఉండేవి. అంజలి గెలుస్తోంది కదా అని లోపల ఒక మూల సంతోషంగా కూడా ఉండేది. ఆ మూల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఒక బుధవారం ఆట అవగానే ఫోన్ మోగింది.

"ఎన్నాళ్ల నుంచి చేస్తాండావ్ ఈ పని?" అంది అంజలి.

"ఏ పని మే?"

"కావాలనే ఓడిపోతాండావ్."

"అయ్యో, లేదు మే. లైను సరిగ్గా లేదు. బంతి ఆగిపోతాంది."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నా సెంటర్ల ఓడిపోయిన ప్రతి పిల్లోడు చెప్పే మాటే ఇది. లైను మెల్లగుంటే బ్యాటు ఆలస్యంగా లేస్తాది. నీది బంతి రాకముందే లేస్తాంది. ఉత్తగాల్ని కొడతాండావ్. నాకు కండ్లు లేవనుకుంటివా? పోయింది కాళ్లే."

గాలిని చూసి ముందు కొట్టడం అనే విద్యను ఫోనులో ఎలా చెప్పాలో లూదియాకు తెలియలేదు. చెప్పినా సాకులాగే ఉంటుంది.

"అందరూ నన్ను అరటిపండును చేసినారు. నువ్వు చెయ్యవనుకుంటి" అంది అంజలి, ఈసారి కోపం లేకుండా. "శనివారం ఒక్క ఆట ఆడదాం. నిజంగా ఆడు. లేదంటే ఇంక నువ్వు బత్తాయిలు తేవద్దు, ఫోన్లు చెయ్యొద్దు." అని పెట్టేసింది.

లూదియా చాలాసేపు కిటికీ దగ్గర నిలబడింది. నల్లమల మీద చీకటి పడుతోంది. ఆ నీలం గీతకు ఈ పక్కన తానుంది, కొంచెం దిగువన ఆ పిల్ల ఉంది. ఇన్నేళ్లలో ఆ పిల్ల తనను అడిగింది ఒక్కటే. నన్ను ఓడించు అని. అది కూడా తన వల్ల కావడం లేదు. ఆమెకు ఏడుపొచ్చింది, కాసేపు ఏడ్చింది కూడా. తర్వాత లేచి ముఖం కడుక్కుంది. గాలికి లొంగి ఆడటం ఎరుగును, ఇప్పుడు గాలినే ఆపాలి.

ఆట పేజీలోనే అడుగున సాయం అనే చోట కొన్ని సలహాలు ఉన్నాయి. కంప్యూటరులో ఒక నల్లటి గడి తెరిచి పింగ్ అని కొడితే, ఇక్కడి నుంచి ఒక కబురు పోయి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో, సెకనును వెయ్యి ముక్కలు చేసి లెక్క చెబుతుందట. అది చదివి లూదియా నవ్వుకుంది. స్టాప్‌వాచ్ అన్నమాట. అది మెడలో వేసుకునే కదా ఆమె బతుకంతా తిరిగింది. పరుగు పిల్లలకు చెప్పినట్టే తనకు తాను చెప్పుకుంది. ఒకసారి ఒక్కటే మార్చాలి, మార్చి టైము చూడాలి, అప్పుడు ఇంకొకటి.

రూటరు ముందుగదిలో నాపరాయి గూట్లో ఉంది. బైబిలు, కళ్లజోడు, దాని వెనక ఇది. పైన లూదియా అత్త అల్లిన లేసు గుడ్డ కప్పి ఉంది. టీవీకి కప్పినట్టు, ఫోనుకు కప్పినట్టు, కొత్తగా వచ్చిన వస్తువు కదా అని దీనికీ కప్పారు. గుడ్డ తీసి చెయ్యి పెడితే అప్పుడే దించిన ఇడ్లీ పాత్రలా కాలింది. దాన్ని గూట్లోంచి తీసి టేబులు మీద పెట్టింది. లెక్క కొంచెం దిగింది. రాతిగోడను దాటి గాలిలో వచ్చే సిగ్నలు వద్దని, బజారుకు పోయి పొడుగాటి కేబులు తెచ్చి, గోడ వెంబడి వెనకగదికి లాగి కంప్యూటరుకు గుచ్చింది. ఇంకా దిగింది. వంటింట్లో ఉన్న రెండో ఫోనుకు మాటనూ నెట్టునూ విడదీసే ఫిల్టరు లేదని చూసి పీకేసింది. ఫోను ఎత్తినప్పుడల్లా వచ్చే గురగుర ఆగిపోయింది. శుక్రవారం పొద్దున బడికి పోయేముందు లెక్క చూస్తే, బంతి పట్టుచీర మీద జారినట్టు పోయి వస్తోంది.

సాయంత్రం ఆరుకు మళ్లీ చూసింది. లెక్క ఒక్కసారిగా కొండెక్కింది. కాసేపటికి దిగింది. మళ్లీ ఎక్కింది. లూదియా తెర ముందు చేతులు ముడుచుకుని కూర్చుంది. రేపే ఆట. ముందుగదిలోంచి ఇమ్మానుయేలు కూనిరాగం వినిపిస్తోంది. రాగం సాగుతుంటే లెక్క ఎక్కుతోంది, రాగం ఆగితే దిగుతోంది. మొదట నమ్మలేదు. తర్వాత లేచి మెల్లగా ముందుగదిలోకి పోయింది.

"ఏం చేస్తాండావ్?"

"పాట పంపిస్తాండా. నందికొట్కూరు అవ్వ పాడింది. చర్చోళ్లు వెబ్‌సైట్‌ల పెడతారంట."

"రోజూ ఇదే యాళకా?"

"ఇదే యాళకు. నువ్వు ఆడుకుంటావు, నేను పంపుకుంటా. ఏమయింది?"

బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. లూదియా కుర్చీలో కూలబడి నవ్వింది, నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ఆ లైనుకు లోపలికి వచ్చే వాకిలి పెద్దది, బయటికి పోయే వాకిలి దొడ్డి తలుపంత. రోజూ సాయంత్రం ఆ దొడ్డి తలుపులో ఇమ్మానుయేలు అవ్వలు ఒకరి వెనక ఒకరు తీరుబడిగా పాడుకుంటూ దాటుతున్నారు. వాళ్ల వెనక లూదియా బంతి నిలబడి ఉంది. రెండు పాటల మధ్యలో తలుపు ఖాళీ అయినప్పుడు బంతి చటుక్కున పోయేది. అప్పుడే ఆమె బ్యాటు ముందే లేచి ఉత్తగాలిని కొట్టేది. అంజలి చూసింది అదే.

సంగతంతా విని ఇమ్మానుయేలు తల గోక్కున్నాడు. చెయ్యి పాట మీద పెట్టి ఆపేశాడు.

"పొద్దున పంపిస్తాలే, నువ్వు బడికి పోయినాక. పాటకేముందే, ఎప్పుడు చేరినా పాటే. నీ బంతికే యాళ ఉండాది."

ఆ రాత్రి భోజనాలకు ముందే ఇద్దరూ రూటరు సెట్టింగులు తెరిచారు. ఎవరి కబురును ముందు పంపాలో చెప్పే చోటు ఒకటి దొరికింది. వెనకగది కంప్యూటరుకు ముందు దారి ఇచ్చారు. మరిచిపోయి ఏ అవ్వ బయలుదేరినా, బంతి వస్తే పక్కకు తప్పుకుంటుంది.

శనివారం గాలి లేదు. లూదియా కూర్చుంది. మొదటి బంతి వచ్చింది, ఆమె వేలు ముందే నొక్కేసింది. పోయింది. రెండోదీ పోయింది, మూడోదీ పోయింది. లైను బాగయింది గానీ వేలికి గాలి అలవాటు పోలేదు. అటువైపు బొమ్మ కదలకుండా నిలబడి ఉంది. అంజలి ఏమనుకుంటోందో లూదియాకు తెలుసు.

చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. హాస్టలులో వాన వెలిసిన తెల్లవారుజాములు కొన్ని ఉండేవి. వేపాకు కదిలేది కాదు. నేల చల్లగా ఉండేది. ఆ రోజుల్లో బంతి నేరుగా, నెమ్మదిగా, చెప్పిన మాట వినే పిల్లలా వచ్చేది. దానికోసం ముందుకు పోనక్కర్లేదు, వచ్చేదాకా ఉంటే చాలు. లూదియా కళ్లు తెరిచి, వేలు కదపకుండా కాచుకుంది. బంతి వచ్చింది. కొట్టింది. అది నెట్టు మీదుగా పోయి మూలలో పడింది.

అక్కడి నుంచి ఆమె ఆగలేదు. మూలలకు కొట్టింది, నెట్టు దగ్గర జారవిడిచింది, అటు బొమ్మను కోర్టంతా పరుగెత్తించింది. అంజలి పళ్లు బిగించి ఆడుతోందని ఆ పరుగులోనే తెలుస్తోంది. ఆఖరి పాయింటు దగ్గరికి వచ్చింది. లూదియాకు ఇరవై, అంజలికి పన్నెండు. లూదియా వేలు ఒక్క క్షణం మీట మీద ఆగింది. చక్రాల కుర్చీ, ఒంటరి గది, గోడవైపు చూసే ముఖం అన్నీ ఒకేసారి కళ్ల ముందుకొచ్చాయి. ఒక్క పాయింటు పోతే ఏమవుతుంది, ఎవరికి తెలుస్తుంది అనిపించింది. ఆ లోపలి మూల ఇంకా అక్కడే ఉంది. బంతి పైకి లేచింది. లూదియా తన బలమంతా పెట్టి కొట్టింది.

ఆట అయిపోయింది. అంజలి పేరు పక్కన పచ్చ చుక్క ఆరిపోయింది. ఫోన్ రాలేదు. లూదియా చేస్తే ఎత్తలేదు.

ఆదివారం చర్చిలో ఆమె నోట పాట రాలేదు. ఆరాధన అవుతూనే బస్సెక్కింది. బత్తాయిలు కొనబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. శిరివెళ్ల దాటాక పొద్దుతిరుగుడు చేలు, వాటి వెనక నల్లమల, కిటికీలోంచి వేడిగాలి. ఆ దారిలో ఎన్నిసార్లు పోలేదు గనక, ఈ రోజు మాత్రం దారి తరగలేదు. ఓడించి తప్పు చేశానేమో, ఇప్పుడు ఆ పిల్లకు ఏం మిగిలిందని ఒకటే దిగులు.

సెంటరు తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అంజలి ఒక్కతే కంప్యూటరు ముందు ఉంది. జుట్టు రేగి ఉంది, నుదుటి మీద చెమట. తెరలో ఆమె బొమ్మ యంత్రంతో ఆడుతోంది.

"ఫోన్ చేస్తే ఎత్తలేదేం మే?" అంది లూదియా వాకిట్లో నిలబడి.

"ఆడతాండా. ఎట్ల ఎత్తేది?" అంజలి తల తిప్పలేదు. "నిన్న ఆ మూలకు ఎట్ల కొట్టినావో రాత్రంతా ఆడినా నాకు అందేట్టు లేదు."

లూదియా వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడు అంజలి ఆట ఆపి ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ మొహం తేటగా ఉంది.

"జీపు పడినాక నన్ను ఎవురూ ఓడగొట్టలేదక్కా" అంది.

లూదియా ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత పక్కనున్న ఖాళీ కంప్యూటరు చూపించి, ఈడనే ఒక ఆట ఆడదామా అంది లూదియా. అంజలి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దు. పక్కన కూసుంటే నువ్వు నా మొగం చూస్తావ్. పో, నంద్యాలకు పో. ఆడనుంచి ఆడు." మళ్లీ తెరవైపు తిరిగింది. "బేగా పో అక్కా. ఆరు గంటలకు ఆట."

లూదియా లేచింది. బస్టాండులో నంద్యాల బస్సు అప్పుడే కదులుతోంది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, బడిపిల్లలకు ఎన్నిసార్లో నేర్పిన ఆ పరుగు తానే తీసి, బస్సు అందుకుంది.